కొసరు

బాలరాట్‌లో శనివారం, వాన.
బెరిల్ కొట్లో తడిసిన ఉన్ని వాసన,
మూతలు తప్పిపోయిన టీ కుండలు,
ఒక సాసర్ నిండా ఒంటి చెవిపోగులు.

కిటికీ పక్కన ఇడ్లీ రేకులు!
కాడకి కట్టిన చీటీ మీద
"గుడ్లు ఉడికించేది. నాలుగు డాలర్లు."

తిప్పి చూశాను.
అడుగున చుక్కచుక్కగా చెక్కిన పేరు:
త్రిపురాంబ, 1987.
ఎవరమ్మా? ఈ ఊళ్ళో ఏ వీధి మీది?

ఇవేమిటో బెరిల్‌కి చెప్పాను,
ఆవిరి, తడిగుడ్డ, పులిసిన పిండి,
మాటలతో సగం, చేతులతో సగం.
కళ్ళజోడు పైకి తోసుకుని అంతా విని
"అయితే ఆరు డాలర్లు" అంది.

ఐదుకి తెగింది బేరం.
కొసరుగా ఒక ఒంటి చెవిపోగు.

ఇంటికొచ్చి తోమాను.
పేరున్న చోట మాత్రం
పీచు ఆనించలేదు,
వేలితోనే.