పది నంబరు పానా

పెండ్లిపిల్ల మొఖం మీద వెలుగు ఎట్ల పడాల్నో
నాకెరుకే.
ముక్కుపుడక మెరవాలె, చెమట మెరవద్దు.
పదకొండేండ్ల సంది అదే నా పని.
అసరెల్లి దాటినంక తొవ్వ మీద ఎట్ల పడాల్నో మాత్రం
మొన్న మాఘం దాక తెల్వదు.

నా ఆల్టో చంద్రపూర్ల కొన్నది, నాలుగో చేతిది.
దాని కండ్లకు పొర కమ్మింది.
పండ్ల పేస్టుతో తోమిన, బూడిదతో తోమిన.
వారం తెల్లగుండి మళ్ల పసుపు.
రాత్రి రెండింటికి పెండ్లి నుంచి మర్లుతుంటే
ముంగట పది గజాలు, అంతే లోకం.
ఆ పది గజాల్ల ఓసారి
అడవిపంది, దానెనుక పిల్లలు ఆరు.
లెక్కపెట్టిన.
బ్రేకు మీద కాలు వణుకుతుంటే
ఇంకేం చేస్తం.

అహేరిల ఇస్మాయిల్ భాయి దుకాణంల
అట్టడబ్బాల కొత్త లైట్లు రెండు.
కంపెనీవి కావు, కంపెనీ లెక్కనే ఉంటయన్నడు.
బిగిస్తే ఏడు వందలన్నడు.
నేనే పెట్టుకుంటనంటే నవ్వి
పది నంబరు పానా ఒకటి
ఉత్తగనే చేతిల పెట్టిండు.

డబ్బాల కాయితం, చీనీల ఒకదిక్కు, ఇంగ్లీషుల ఒకదిక్కు.
నేను బడిల చదివింది మరాఠీ,
ఇంట్ల మాట్లాడేది తెలుగు.
బొమ్మలు చూసిన.
బొమ్మల్ల ఎవరివో చేతులు,
గోర్లు శుభ్రంగున్నయి.

పక్కింటి ఓదేలు పదో తరగతి.
"తాయీ, ముందుగాల బ్యాటరీ నల్లతీగ ఇప్పాలె."
ఎవలు చెప్పిన్రురా అంటే
మిర్చి బండి డ్రైవరన్నడు.
ఇప్పిన.
బంపరు గుంజుతుంటే క్లిప్పులు పటుక్కున ఇరిగినయి, మూడు.
ఒక్కోటి ఇరిగినప్పుడల్ల
మా అమ్మ గడపల నుంచి అడిగింది,
"ఇంకా ఉన్నదా బండి?"

ఎడమ లైటు ఊడొచ్చింది.
దానెనుక సందుల ఎండిన పురుగులు,
ఏ ఊరి వానదో మట్టి,
పసుపు అంటిన తలంబ్రాల గింజ ఒకటి.
ఎవరి పెండ్లిదో.
నేను తీసిన ఫొటోల్ల లేదది.

కొత్తదానికి మూడు బొక్కలు కలిసినయి.
నాలుగోది గోరెడు తేడ.
ఆకురాయితోని అరగదీసిన.
బల్బు అద్దాన్ని వేలితో ముట్టద్దట,
చేతి జిడ్డుకు మాడిపోతదట.
లెన్సు పట్టే చేతికి ఈ ఒక్క మాట చెప్పక్కర్లే.
పొద్దుగూకె వరకు అయింది.
రెండు స్క్రూలు మిగిలినయి.
ఎక్కడియో ఇద్దరికీ తెల్వదు.

ఆ రాత్రే ప్రాణహిత వంతెన మీదికి తోలిన.
ఎదురుంగ ఇసుక లారీ ఆగింది.
డ్రైవరు తల బయటపెట్టి
మూడు భాషల్ల తిట్టిండు.
మరాఠీది అర్థమైంది,
హిందీది అర్థమైంది,
తెలుగుది తగిలింది.

తెల్లారి సందెకు పత్తి గోదాం గోడ ముంగట బండి ఆపి
టైలరు టేపు ఐదుసార్లు పరిచి ఇరవై ఐదు ఫీట్లు కొలిచినం.
చాక్‌పీసుతో అడ్డగీత, దానికింద రెండించులకు ఇంకోటి.
నేను బానెట్ కింద స్క్రూ తిప్పుతున్న.
ఓదేలు గోడకు ఆనుకొని ఒర్రుతుండు,
"ఖాలీ! అజూన్ ఖాలీ!"
కిందికి, ఇంకా కిందికి అని.
చాయ తెచ్చిన అమ్మకు అది తెలుగుల వినబడ్డది.
"ఏం ఖాళీ అయిందిరా, బ్యాటరీనా?"

వెలుగు పోరడి మొఖం నిండ ఉంది.
కండ్లు గట్టిగ మూసుకున్నడు.
ఇన్నేండ్లు నేను ఎందరి మొఖాల మీద కొట్టిన్నో ఇట్ల,
నవ్వుమని చెప్పుకుంట.
అర చుట్టు తిప్పిన. గదుమ దిగింది.
ఇంకో పావు. మెడ.
అంగి గుండీల మీదికి రాంగనే
కండ్లు తెరిచిండు.

ఆడ ఆపిన.

నిరుడు లెక్క కాదిప్పుడు,
తొవ్వ మలుపు దాక కనవడ్తది,
గుంత గుంతలెక్కనే కనవడ్తది.
నిన్న వంతెన మీద లారీ ఒకటి
ఏం అనకుండ పక్క నుంచి పోయింది.
అంత మంచిమాట ఏ పెండ్లోళ్లూ నాకు చెప్పలే.

గతుకులల్ల ఎడమది ఇంకా కొంచెం గజగజమంటది.
కెమెరా సంచిల ఆ రెండు స్క్రూలు
అయ్యే కావచ్చు.