ఎలుక మీద కోపం

ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నాడని
ఎవరినో చూసి నవ్వే మాట మనది.
ఉబోన్‌లో, ఆస్పత్రి మూడో అంతస్తులో,
తెల్లవారుజామున నాలుగింటికి
ఆ మాట ఎన్నడూ వినని రచనీ
ఆ మంటల్ని ఒక్కొక్కటే లెక్కపెడుతోంది.

జూలై నెల. మూన్ నది ఒడ్డున నాట్లు.
కమ్‌ఫన్ మడమ పగులులోంచి
బురద లోపలికి వచ్చింది, బురదతో పాటు అది.
కావలి కణం దాన్ని మింగింది.
మింగడమే దాని బతుకు కదా.
ఇది మాత్రం అరగలేదు.
సంచీ చించుకుని, వంటింట్లో చేరి,
ఉన్నది తిని, పిల్లల్ని పెట్టి,
గోడకు కన్నం వేసి పక్కింట్లోకి పోవాలని చూస్తోంది.
వీధిలో గస్తీ తిరిగేవాళ్లకు ఇదంతా కనపడదు.
ఇంటిదొంగ.

కమ్‌ఫన్ ఇచ్చిన రెండు చెంచాల నెత్తురు
ఇప్పుడు గాజు పళ్లెంలో, కటకం కింద.

కొన్ని కణాలు మర్యాదగా చస్తాయి,
బట్టలు మడతపెట్టి, దీపం ఆర్పి,
ఇరుగుపొరుగుకు నిద్రాభంగం లేకుండా.
ఇది అలా కాదు.
చీకట్లో తడుముతున్న ఏదో వేలికి
దొంగ చొక్కా అంచు తగిలింది. చాలు.
తన గోడకు తానే చిల్లులు పొడుచుకుంది.
నీళ్లు లోపలికి. పూరీలా పొంగింది.
నలభై ఒకటో ఫ్రేమ్‌లో
ఎర్రరంగు నట్టింటిదాకా ఇంకింది.
పగిలింది.

పగలడమే ఒక కేక.
ఒంట్లో అయితే ఆ కేకకు
వీధి వీధంతా లేచి పరుగెత్తుకొస్తుంది.
దాక్కోవడానికి గది లేక
దొంగ నడివీధిలో, వెలుతురులో.

రచనీ నోటుపుస్తకంలో "41" అని రాసుకుంది.
టీ ఎప్పుడో చల్లారిపోయింది.

కింద వార్డులో జ్వరం నూట నాలుగు.
"ఈ మంట ఎవరు పెట్టారమ్మా?"
కమ్‌ఫన్ భార్య బువలై అడిగింది.
"ఆయన మనుషులే, పెద్దమ్మా."
అంతకంటే చెప్పలేదు.
ఒకటో పదో ఇళ్లు కాలితే ఊరు నిలుస్తుందని,
అన్నీ అంటుకుంటే ఊరే ఉండదని,
ఎక్కడ ఆపాలో మంటకు తెలియదని,
ఆ మాటకొస్తే తనకూ తెలియదని,
చెప్పలేదు.

బువలై మడమ కట్టు విప్పింది.
పచ్చటి చీము. కొంగు లేదు, మోచేత్తో
ముక్కు మూసుకుంది.
చీదరగా తుడిచి బకెట్లో వేసింది
కాలిన ఇళ్లనీ,
కేక విని పరుగెత్తుకొచ్చి
వెనక్కి పోనివాళ్లందరినీ,
ఒక్క దూదిపింజలో.