ఇంతి

ఈ ఇంట్లో అమ్మను మామా అంటారు.
మామా మర్చిపోవడం నాకు కొత్త గాదు,
నాలుగేండ్లుగా చూస్తాండా.
అది చీమ మాదిరి నడుస్తాది.
ఒక పొద్దు చెంచా పేరు పోతాది,
ఇంకో నెలకు పెద్దకొడుకు పేరు.

ఇది అట్ల రాలేదు.
బేస్తవారం రాత్రి రెండు గంటలప్పుడు
సల్మియాలో, ఐదో అంతస్తులో,
వసారాలోకి సముద్రం వచ్చిందని లేచి కూచునింది.
ముత్యాలకు మునిగిన వాళ్ల నాయన
అడుగునుంచి తాడు గుంజుతున్నాడంట,
పడవలో ఎవరూ అందుకోలేదంట.
లాగు లాగు అని నా చున్నీ పట్టి లాగింది.
మొన్నటిదాంకా గ్లాసు ఎత్తలేని చెయ్యి.
నా మెడ మింద ఇంకా గీరుంది.

శుక్రారం అందరూ వచ్చినారు.
మచ్బూస్ తాంబాళం చుట్టూ కూచోని
ఇంగ ముదిరిపాయ, ఇంతే, అనుకున్నారు.
నూరా మేడమ్ ఏడ్చింది.
బదర్ బాబా నిద్రమాత్ర రెండు చేద్దామా అని
ఎవరికో ఫోన్ చేసినాడు.

నేను తట్టలెత్తుతా చెప్పినా,
వచ్చీరాని అరబ్బీలో,
బాబా, బోల్ చూపియ్యాల, బోల్.
బోల్ అంటే వాళ్ల మాటలో ఉచ్చ.
అన్నం కాడ ఆ మాటేందని
చిన్నకోడలు మొగం తిప్పుకునింది.

ఎట్ల చెప్పాల నేను?
తెల్లారి డైపర్ ఎత్తేది నేను.
దాని బరువు నా చేతికి తెల్సు.
నానేసిన శెనగల మూటంత ఉండాల్సింది
మూడు దినాల సంది ఉట్టి గుడ్డ.
రంగేమో కాగికాగి మిగిలిన సులేమానీ.
పోసేటప్పుడు బిగదీసుకోని
నా ఏలు కొరికింది.
జొరం లేదు.
ముసిలోళ్లకు జొరం రావాలనేం లేదు ఓబులమ్మా,
అని జహ్రాలో ముందింట్లో ఉన్నప్పుడు
మలయాళీ నర్సు లీలమ్మ చెప్పింది.
ఒక్క రాత్రిలో మనిషి మారితే
ముందు కిందకి చూడు, తర్వాత తలకాయ.

ఆ మాట పదేండ్ల ముందు తెలిసుంటే.
మా అత్త కదిరమ్మ
ఇట్లనే ఒక రాత్రిలో మారిపాయ.
గాలి సోకిందన్నారు.
యాపమండలు నేనే తుంచుకోనొచ్చినా.
పొగేసేవాడికి అగ్గి నేనే అందించినా.
మంట, కింద మంట అని ఆమె చెప్తానే ఉన్నింది.
దయ్యం మాట్లాడుతాంది అనుకున్న్యాం.

ఇది బదర్ బాబాకు చెప్పలే.
యాపమండను అరబ్బీలో ఏమంటారో నాకు రాదు.

శనారం పొద్దన్నే ఆయనే
మూత డబ్బా తెచ్చి నా చేతిలో పెట్టినాడు,
నా మొగం చూడకుండా.
ఆమెను శుభ్రంగా కడిగి,
కొళాయి సన్నంగా ఇప్పి,
గంటన్నర బాత్రూము నేల మింద కూచున్న్యా.
అడుగు తడిసేంత వచ్చింది.
అది పట్టుకోని లిఫ్టులో దిగేటప్పుడు
బంగారం కుదవకు తీసకపోతాన్నట్లు ఉన్నింది.

సాయంత్రం డాక్టరే ఇంటికొచ్చినాడు.
ఇన్ఫెక్షన్ అన్నాడు, మాత్రలు రాసినాడు,
నీళ్లు తాపాల అన్నాడు నూరా మేడమ్‌తో.
ఆమె నా తట్టు చూసింది.

తాపినా.
చెంచాతో నీళ్లు, మజ్జిగ,
గింజలు తీసిన పుచ్చకాయ.
ఐతారం సముద్రం వంటింట్లోకి జరిగింది.
సోమారం బాత్రూములో మాత్రం ఉండాది అనింది.
మంగళారం, నాయన పైకొచ్చినాడా అనింది.
వచ్చినాడు మామా, ఒళ్లు తుడ్చుకుంటాన్నాడు,
అని చెప్పినా.

బుధారం మబ్బులోనే లేచి
నన్ను కాళ్లకాన్నించి తలదాంకా చూసి
మిను ఇంతి? అనింది.
ఎవరు నువ్వు, అని.
నాలుగేండ్లుగా పొద్దుకు పదిసార్లు అడిగే మాటే.
వాళ్లకు ఇంతి అంటే నువ్వు.
మా రాయచోటి బడిలో పద్యాల సారు
ఇంతి అంటే ఆడది అని రాపిచ్చినాడు.
మధ్యలో ఆరు దినాలు
ఆ మాట లేని ఇంట్లో ఉన్న్యా గదా,
ఇనేసరికి గోడకానుకోని నవ్వుకున్న్యా.

ఓబులమ్మ, మామా.
ఓబు, అనింది. అంతకు మించి ఎప్పుడూ అనలేదు.
గ్లాసు నోటికాడ పెట్టినా.
సగం తాగింది.
సగం నా వొళ్లో పోసింది.