బంక

మణలిలో డిసెంబరు గాలికి తడిపెట్టడం తప్ప వేరే పని లేదు.
గోడ మీద క్యాలెండరు అప్పడంలా మెత్తబడుతుంది,
డబ్బాలో ఉప్పు గడ్డకట్టి మొండికేస్తుంది.
ఈ ఊళ్ళో, సరిగ్గా ఈ ఊళ్ళోనే,
ఒక్క నీటి తుంపర సోకితే చచ్చిపోయే పొడిని
సాకడం నా ఉద్యోగం.

గాజు పెట్టె నిండా నైట్రోజన్.
పెట్టెకి వేలాడే నల్ల రబ్బరు చేతుల్లో
నా చేతులు దూర్చి,
చెమటని బయటే వదిలి,
చిటికెడు నారింజ రంగు తూస్తాను.
లోపల ఉన్నది జిర్కోనియం.
పైనొక రింగు, కిందొక రింగు,
ఆల్చిప్పలో ముత్యంలా అనబోయాను,
కాదు, క్యాంటీన్ సెల్వి రెండు దోసెల మధ్య నొక్కే
కారప్పొడి ముద్దలా.
రింగులు జారి తిరిగిపోకుండా
వెనకాల ఒక సిలికాన్ పట్టు,
తలుపుకి మడతబందులాగ.

పాత ఉత్ప్రేరకం సంతలాంటిది.
ఎన్నో చేతులు, ఎవరి కొలత వాళ్ళది,
ఒకడు బారెడు గొలుసు అల్లితే ఇంకొకడు జానెడు.
దీనికి ఉన్నది ఒకటే వాకిలి.
ప్రొపిలీన్ ఏ భుజం ముందు పెట్టి రావాలో
వాకిలే చెబుతుంది.
లోపలికి, లోపలికి, మళ్ళీ లోపలికి,
సెకనుకి కొన్ని వందల సార్లు, విసుగన్నది లేకుండా.
బయటికొచ్చిన గొలుసుకి
మిథైల్ కొమ్మలన్నీ ఒకే పక్కకి
నూనె రాసి దువ్విన జుట్టులా.
అలా ఉంటేనే గట్టిపడుతుంది.
సిరంజి అవుతుంది, పెరుగు డబ్బా అవుతుంది.

గాజు ఊదేది అర్పుదరాజ్.
అరవైకి దగ్గరపడ్డా బుగ్గలు ఇంకా బూరలే.
నా ఫ్లాస్కులన్నీ ఆయన ఊపిరితో పుట్టినవి.
పంపు పెట్టి నేను ముందు తోడేసేదీ
ఆ ఊపిరినే.
"ఊదేది నేను, పీల్చేసేది నువ్వు" అంటాడు తమిళంలో.
నేను తెలుగులో నవ్వుతాను.

తుఫాను ముందు రోజు
కరెంటు పోయి, వచ్చి, పోయింది.
స్ఫటికాల్ని రెండోసారి కడగాలి. కడగలేదు.
ఈ పొడికొక కవల ఉంది, పేరు మీసో.
అవే పరమాణువులు, అదే బరువు,
ఒక్క రింగు మాత్రం బోర్లా తిరిగి ఉంటుంది.
ఎడమ చెప్పు కుడికాలికి వేసుకున్నంత తేడా,
నడిస్తేగానీ తెలియదు.
మాకు రియాక్టరు తెరిచాక తెలిసింది.
గరిటె దిగింది. పైకి రాలేదు.
బంక!
తెల్లగా, సిగ్గులేకుండా, సాగుతూ.
కొమ్మలు అటొకటి ఇటొకటి,
నిద్రలేచిన పిల్లాడి తల.
ఆరు వారాల పని.
వరదాచారి గారు రిజిస్టర్లో ఒక్క మాట రాసి
పెన్ను మూత పెట్టారు: వృథా.

ఆ రాత్రి వాన అడ్డంగా కురిసింది.
గాజు గదిలో కిటికీ చట్రం చుట్టూ నీళ్ళు కారి
ఆయన గొట్టాల మీద,
కొలిమి పక్కనున్న భోజనం క్యారియర్ మీద పడుతుంటే
అర్పుదరాజ్ నా గుమ్మంలోకొచ్చి
"ఆ చెత్త ఇంకా ఉందా?" అన్నాడు.
డ్రమ్ము చూపించాను.
గరిటెని మంట మీద వేడిచేసి
పాయసం గిన్నె గీకినట్టు గీకి
పగుళ్ళలో కూరి, బొటనవేలితో అదిమాడు.
కాలింది కాబోలు, ఒక బూతు మాట అన్నాడు.
తరవాత ఇద్దరం బల్ల మీద కాళ్ళు ముడుచుకుని కూచుని
తెల్లవారేదాకా నేలని చూశాం.
నేల పొడిగానే ఉంది.

ఇప్పుడు రెండుసార్లు కడుగుతున్నాను, ఒక్కోసారి మూడు.
మంచి గొలుసులే వస్తున్నాయి.
వరదాచారి గారు పెన్ను మూత తియ్యడం లేదు.

కిటికీ బంకలో ఆయన బొటనవేలి ముద్ర అలాగే ఉంది.
అలాగే అంటే, పూర్తిగా కాదు.
గట్టిపడటం రాదు కదా దానికి,
రోజుకి వెంట్రుకవాసి పూడుకుంటోంది.
ఏప్రిల్లో ఆయన రిటైరు.
మధ్యాహ్నాలు ఎవరూ లేనప్పుడు
స్కేలు పెట్టి లోతు కొలిచి రాసుకుంటున్నాను.
నోట్‌బుక్కులో ఆ పేజీకి
ఇంకా శీర్షిక పెట్టలేదు.