తాడు లాగినోడి వాటా

చింతపల్లి లైటు తిరిగొచ్చేలోపు
పది అడుగులు వేస్తాను.
పదకొండోది వెలుతుర్లో పడుతుంది,
అప్పుడు ఆగుతాను.
ఆగమని ఎవరూ చెప్పలేదు, అలవాటు.
దివిటీ మాత్రం ఆగదు.

దివిటీ అంటే కుక్క.
ఒళ్లంతా బొగ్గు, తోక చివర బెత్తెడు తెలుపు.
టార్చికి ఎర్రకాగితం చుట్టి ఇచ్చారు గార్డుగారు,
తెల్లటి వెలుగుకి తాంబేళ్లు బెదురుతాయట.
నాకు ఆ ఎరుపూ అక్కర్లేదు.
ముందు ఆ తెలుపు ఊగుతూ పోతుంటుంది,
వెనక నేను,
మధ్యలో పాత అలివివల తాడు, మూడు బారలు.

మాఘం నుంచి చైత్రం దాకా ఇదే పని.
ఇసకలో గుడ్లు వెతికి, బకెట్లో మోసుకొచ్చి,
కంచె లోపల మళ్లీ పాతిపెట్టడం.
ఇంటికాడ బుల్లెమ్మ నవ్వుతుంది:
"సేపలు పట్టీ సూరాడోళ్ల ఇంట పుట్టి
తాంబేళ్లకి మంత్రసానివైపోనావేటి!"

వాళ్లిచ్చిన కాయితంలో ఉంది, చదివించుకున్నాను:
కుక్కల్ని తీరం మీదికి రానివ్వరాదు.
రాసినవాళ్ల తప్పు లేదు.
మొదటి ఏడు దీన్ని నేను పట్టుకున్నది
బర్రిపేట మలుపులో, తెల్లారగట్ల,
మూతినిండా పచ్చసొన,
చుట్టూ పెంకులు, నలిగిన తోలుసంచుల్లా.
తెడ్డు విసిరాను.
ఎడమ వెనక్కాలు ఇప్పటికీ
చలిరోజుల్లో నేలకి ఆనించదు.

మర్నాటి రాత్రి కుంటుకుంటూ వచ్చింది.
నాకు పది గజాల ముందు
ఇసకకి ముక్కు ఆనించి నిలబడిపోయింది.
తవ్వలేదు.
నేను తవ్వితే మూరెడు లోతున, తెల్లగా, గుంపుగా.
కెరటాలు జాడంతా కడిగేసిన చోటది,
నేనైతే తొక్కుకుంటూ పోయేవాణ్ణి.

ఇయ్యాళ పోటు ఎక్కువ.
ఎర్రగట్టు కింద దారి లేదు,
కెరటం వచ్చి మట్టిని నాకి
మూతి ఎర్రజేసుకుని వెనక్కి పోతోంది.
పైకెక్కాలి.
వానలు కోసిన గాడిలో అది ముందు,
దాని గోళ్లు రాల్చిన కంకర నా మొహం మీద.
సగంలో నేను జారితే తాడు బిగిసింది.
మూడుకాళ్ల మీద బిగబట్టుకుని నిలబడింది అది.
ఎవరు ఎవర్ని కట్టుకొచ్చారో
ఆ కాసేపు తేల్చడం కష్టం.

గట్టుమీద జీడిపూత వాసన.
అంచున కూచున్నాం.
కింద తెప్పలు బోర్లా పడుకున్నాయి.
నడిసంద్రంలో దీపాలు నాలుగైదు,
అందులో ఒకటి తమ్ముడు యర్రయ్యదే అనుకుంటాను,
ఏదో తెలీదు.
దివిటీ వాటిని చూడదు.
దాని ముక్కు గాలిని
పోగు పోగుగా విప్పుతోంది.

తిప్పలవలస వైపు దిగేసరికి దొరికింది.
ఒకటే గూడు. నూట పదమూడు.
ఒక్కోటీ తిప్పకుండా తియ్యాలి,
పైవైపు పైకే ఉండాలి, లేకపోతే
లోపలి పిల్లకి ఊపిరాడదట.
ఆఖరిది నా బొటనవేలికే చిట్లింది.

చిట్లినది లెక్కరాసి పూడ్చమంటారు.
దివిటీ కూర్చుంది.
చొంగ కారుతోంది గాని కూర్చుంది.
నన్ను చూడదు, గుడ్డునీ చూడదు,
అప్పు అడగలేని మనిషిలా
సముద్రం కేసి చూస్తోంది.

మా నాన్న పెద్దవల లాగించేవాడు.
వల ఒడ్డెక్కి కుప్పలు పోసేటప్పుడు
తాడుకి చెయ్యేసిన ప్రతి గుంటడికీ
రెండు కవ్వళ్లయినా పడేవి,
షావుకారు గొణిగినా సరే.
"తాడు లాగినోడికి వాటా లేకపోతే
గంగమ్మ వల సింపేస్తాది" అనేవాడు.

జేబులోంచి పుస్తకం తీశాను.
అటు తిరిగి కూచుని నిదానంగా రాశాను,
తారీకు, చోటు,
గాలి ఎటునుంచి వీస్తోందో కూడా.
అది ఎవరూ అడగరు.
లైటు రెండుసార్లు వచ్చి పోయింది.
వెనక చిన్న చప్పుడు.

గుడ్లు: నూట పన్నెండు.

బకెట్ మీద తడిగుడ్డ కప్పి లేచాను.
పోటు తీసింది, కింద దారి తేలింది,
తడిసి, చదునుగా, నడవడానికి సుళువుగా.
అయినా అది
గట్టు వైపే లాగింది.