తారు

మొదటి చుక్క నా ఉప్పుచేపల మీద పడింది.
బాల్కనీ తీగకి తోకలు కట్టి ఆరేశాను, పదకొండు.
వాన లేదు. దౌగవ నది మీద మబ్బైనా లేదు.
తలెత్తి చూస్తే పై అంతస్తు బాల్కనీ అంచు
ఏమీ ఎరగనట్టు మెరుస్తోంది.

ముప్పయ్యొక్కేళ్ళు రీగా రేవులో క్రేను నడిపినవాణ్ణి,
పైనుంచి జారేది ఏదైనా
చూడకుండా చెప్పగలను.
ఇది కుక్క.

మెట్లెక్కి తలుపు బాదాను.
వెల్టా తీసింది. చేతిలో గుడ్డ, మోకాళ్ళు తడి.
ఆమె వెనక, సోఫా కాళ్ళ మధ్య,
డబ్బాలో ముంచి తీసినట్టున్న నల్లటి శాల్తీ ఒకటి
నన్ను కాదు, నా చెప్పుల్ని చూస్తోంది.

"పికిస్," అంది. మా భాషలో తారు.
"షెల్టర్ నించి తెచ్చుకున్నా. నాలుగేళ్ళు
ఎవరూ అడగలేదట."
"చేపలు పదకొండు," అన్నాను నేను.

ఆ చలికాలమంతా కిటికీలోంచి చూశాను.
పొద్దున ఆరు, మధ్యాహ్నం రెండు, రాత్రి పది:
ఆమె గొడుగూ, దాని తాడూ.
లిండెన్ చెట్టు చుట్టూ ప్రదక్షిణలు.
దస్తావేజు చదివే గుమాస్తాలా
ప్రతి పొదనీ తిరగేస్తుంది,
ఏదో తేలనట్టు మళ్ళీ మొదటికొస్తుంది.
అసలు పని మాత్రం చేయదు.
ఆమె బతిమాలుతుంది, జేబులోంచి చీజ్ ముక్క తీస్తుంది.
అది తింటుంది. మర్యాదగా.
ఇంటికొచ్చి, ఒళ్ళు దులుపుకుని,
తిన్నగా బాల్కనీకి.
నా నెత్తిమీదికి.

ఎవరి సలహా వాళ్ళిచ్చారు.
కుక్క తోక వంకర అంటారు కదా,
మా మెట్లమీద తోక గురించి తప్ప
మిగతా అన్నిటి గురించీ మాట్లాడుకున్నాం.
కింది ఇంటి ఐవార్స్ ముక్కు పట్టి నేలకి రాయమన్నాడు.
వెల్టా అతనితో మాట్లాడటం మానేసింది.
పోస్టాఫీసు దైనా వెనిగర్ చల్లమంది.
ఆ వెనిగరూ నా ఇంట్లోకే దిగింది.

మార్చిలో ఒక రాత్రి మెట్ల మలుపులో ఎదురుపడ్డాం.
అక్కడ ఒక పెంకు ఊడిపోయి ఏళ్ళయింది.
అది ఆగి, ఆ ఊడిన చోటు వాసన చూసి,
వెనక కాళ్ళు వంచింది.
"వద్దొద్దు, పికిస్!"
"ఉండు," అన్నాను. "ఆ షెల్టర్‌లో నేల ఏమిటి?"
వెల్టా చాలాసేపు నన్నే చూసింది.
"సిమెంటు. గొట్టంతో కడిగేవాళ్ళు."

నాలుగేళ్ళు.
గడ్డి అంటే దానికి
ఎవరింట్లోదో తివాచీ.
రోజుకి మూడుసార్లు ఆ తివాచీ మీద నిలబెట్టి
ఊఁ, కానివ్వు అంటున్నాం.
అది సిగ్గుతో బిగబట్టుకుని, బిగబట్టుకుని,
తనకి తెలిసిన నేలకి పరిగెత్తుకొస్తోంది.
దాన్ని మొండిదన్నాం.

మర్నాడు గ్యారేజీల వెనక విరిగి పడున్న కాలిబాట పలకని
ఎవరో వదిలేసిన పిల్లలబండిలో తోసుకొచ్చాను.
ముప్పయి కిలోలు, తూచనక్కర్లేదు.
లిండెన్ కింద, మురికి మంచులో దించాం.
పికిస్ చుట్టూ తిరిగింది. ఎక్కింది.
పాత బాకీ తీర్చడానికొచ్చినవాడిలా
ఒకసారి నా మొహంలోకి చూసింది.
ఆ తర్వాత, అబ్బ,
ఎంతసేపు ఆ చప్పుడు!
వెల్టా చప్పట్లు కొట్టబోతే గొడుగు ఎగిరిపోయింది.
నేను టోపీ తీశాను. ఎందుకో తెలీదు.

తర్వాతి వారం పలక మీద గుప్పెడు మట్టి.
ఆపై వారం రెండు గుప్పెళ్ళు, నాలుగు గడ్డిపోచలు.
మే వచ్చేసరికి పలక ఎక్కడుందో
మేమే కాలితో తడిమి వెతుక్కోవాల్సొచ్చింది.
అది వెతకలేదు.

అంతా చక్కబడిందనుకోకండి.
నిన్న ఐవార్స్ గుమ్మం ముందు కొత్త బూట్లు,
కుడిదాంట్లో, నిండా.
వెల్టా గుడ్డ పట్టుకుని పరిగెత్తుకొచ్చింది.
తొందరేం లేదులే అన్నాను.

ఇవాళ తీగ మీద చేపలు పద్నాలుగు.
ఒకటి కింది కొసన, ఉప్పు లేకుండా.