రెండు దెబ్బలంటే రా

దేవరయాంజాల్ గోదాముల కాడ
రాత్రి రెండున్నర.
పదకొండో నంబరు డాకు
రెండు లారీల నడుమ
పన్ను ఊడిన సందు లెక్క ఉన్నది.
నా ఎనక నలభై అడుగుల పెట్టె,
దాని నిండ వాషింగ్ మిషన్లు.

ఆరేండ్లు కిందనే ఉన్న నేను.
గైబు ఉస్తాద్ ఎనకకు తోలుతుంటే
పెట్టె పక్కన నడుసుకుంట
అరచేత్తో రేకును కొట్టేటోణ్ణి.
రెండు దెబ్బలంటే రా.
ఒక్కటంటే ఆగు.
ఎండకాలం ఆ రేకు పెనమే.
చెయ్యి పొక్కులొచ్చినా
దెబ్బ తప్పకపోయేది.

ఇయ్యాల ఆయన కిందికి దిగి
"నువ్వెక్కు" అన్నడు.
సీటు ఇంకా వెచ్చగున్నది.

తోక ఎడమకు పోవాలంటే
చెయ్యి కుడికి తిప్పాలె.
వినడానికి ఇంతే.
పుట్టినకాడి నుంచి
పోవాల్సిన దిక్కుకే తిరిగిన చేతులు
ఒక్క రాత్రిల ఎట్ల ఒప్పుకుంటయి?
మొదటిసారి చెప్పినట్టే కుడికి తిప్పిన,
ఇంకా తిప్పిన, ఆపుడు మర్చిన.
ముందు బండి, ఎనక పెట్టె
చాకు మడిచినట్టు మడుసుకున్నయి.
ఎడమ అద్దం నిండ పెట్టె మీది పచ్చరంగు.
కుడి అద్దంల
లైటు స్తంభం, దాని చుట్టు పురుగులు.

"గల్లీల తోపుడు బండి నూకినట్టు నూకు"
కింది నుంచి ఉస్తాద్ మొత్తుకుంటున్నడు.
"పక్కకు పోయినంక కాదు,
పోతదనిపించినప్పుడే దిద్దు.
అనుమానమొస్తే దిగి చూడు.
దిగితే ఇజ్జత్ పోదు బేటా,
గుద్దితే పోతది. జీతం గూడ పోతది."

దిగిన. నాలుగుసార్లు దిగిన.
పక్క లారీకి, మా పెట్టెకు నడుమ
బెత్తెడు జాగ.
ఆ లారీల పండుకున్నాయన
తల బయటపెట్టి చూసి,
ఏమనకుంట
తన అద్దం తనే మడిచి
మళ్ల పండుకున్నడు.

లోడింగ్ పిలగాండ్లు షట్టరెత్తి
డాకు అంచున కాళ్లు ఊపుకుంట కూసున్నరు.
ఒడియాల ఏదో అనుకొని నవ్విన్రు.
నన్నే కావొచ్చు.

అయిదోసారి
చెయ్యి నన్ను అడుగలే.
అటు కొంచెం,
ఇటు అంతకంటె కొంచెం,
సందు వాసన పట్టినట్టు
తోక లోపలికి మళ్లింది.
ఎనక చీకట్ల
టప్ టప్.
టప్ టప్.

ఉస్తాద్ చెయ్యి.
అరవై రెండేండ్ల చెయ్యి,
దెబ్బ మెత్తగ పడుతున్నది.
ఆరేండ్లు నేనాయనకు
ఇట్లనే వినపడ్డనా?
ఇంత దూరం నుంచి, ఇంత సన్నగ?
ఈ ఒక్క చప్పుడును నమ్మే
ఇంత ఇనుమును ఎనకకు వదిలేటోడా?

టప్.

రబ్బరు దిమ్మెలు నలిగినయి.
బ్రేకు గాలి బుస్సుమన్నది.
ఉస్తాద్ అద్దంల కనపడ్డడు,
అరచెయ్యి ప్యాంటుకు తుడుసుకుంట.
"జానెడు ఎడమకు పోయింది" అన్నడు.
"నడుస్తది. దా, చాయ్ తాగుదాం."